నవ్వు వెనుక నొప్పి

తార నవ్వితే ఈలలు వేస్తాం. ఆ నవ్వు వెనుక ఒళ్ళంతా సలుపుతోందని ఎవరికి తెలుసు?

అమెరికా గాయని లేడీ గాగా తనకి 'ఫైబ్రోమయాల్జియా' ఉందని 2017లో బయటపెట్టింది. ఆ ఏడాది యూరప్ కచేరీలు వాయిదా వేసుకుంది. ఒళ్ళునొప్పులు, నిద్ర లేచినా తీరని అలసట... ఎక్స్‌రేలో మాత్రం ఏమీ కనిపించదు! అందుకే ఇంట్లోవాళ్ళు 'వట్టి బద్ధకం' అనేస్తారు.

మందేమిటంటారా? పూర్తిగా నయంచేసేది లేదు. డాక్టరుకి చూపించుకున్నాక, నడకే పెద్ద ఆసరా. పది నిమిషాలతో మొదలెట్టి మెల్లగా పెంచాలి. వేన్నీళ్ళ స్నానం, వేళకి నిద్ర. బాగున్న రోజున పనులన్నీ నెత్తినేసుకుంటే మర్నాడు మంచమే! సెకండ్ షో మాని మ్యాట్నీకి వెళ్ళండి.

ఇంకోమాట. మీ అక్కయ్య 'నొప్పి' అంటే నమ్మండి. ఆమెకి అదే కొండంత ఊరట!