శుభ్రత కావాలంటే ముందు నీళ్లివ్వాలి

ఫుడ్ ట్రక్కయినా, తోపుడుబండి అయినా, తినేవారి ఆరోగ్యం సగం ఆ వంట జరిగే ఇంట్లోనే తేలిపోతుంది. 2006 ఆహార భద్రతా చట్టం, దాని నిబంధనల ప్రకారం చిన్న వ్యాపారికీ రిజిస్ట్రేషన్, తాగునీరు, మూత ఉన్న చెత్తబుట్ట తప్పనిసరి. ఇవి మాకు సమ్మతమే. కలుషితాహారంతో ఎక్కువ నష్టపోయేది రోజుకూలీలే. కానీ కుళాయే లేని పేటలో వండుకొచ్చే అక్క బండిని శుభ్రత లేదంటూ ఎత్తుకుపోవడం న్యాయమా?

2014 వీధి వ్యాపారుల చట్టం పట్టణ వెండింగ్ కమిటీల్లో కనీసం 40 శాతం స్థానాలు వ్యాపారుల ప్రతినిధులకే ఇచ్చింది. నీళ్లూ, మురుగుకాలువా అక్కడ గట్టిగా అడగాలి. యువతీ యువకులారా, బెంగళూరైనా చెన్నై అయినా, మీ వీధిలోని వ్యాపారులకు రిజిస్ట్రేషన్ దరఖాస్తు నింపిపెట్టండి. చర్చి ఆవరణలోని కుళాయిని వారి బిందెలకు తెరుద్దాం. ఈ ఆదివారం నుంచే మొదలుపెడదాం.