ఫొటో సరే, పైసలెప్పుడు?

2022 సెప్టెంబరులో కామారెడ్డి జిల్లా బీర్కూర్‌లో ఓ రేషన్ షాపు దగ్గర కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ కలెక్టర్‌ను నిలదీసిన వీడియో చాలామంది చూసే ఉంటారు. ప్రధానమంత్రి ఫొటో ఎందుకు పెట్టలేదు, కిలో బియ్యం మీద కేంద్రం పెట్టేదెంత, రాష్ట్రం పెట్టేదెంత అని ఆమె అడిగారు. అంకె వెంటనే రాలేదు. ఆ వెంటనే టీఆర్ఎస్ వాళ్లు గ్యాస్ సిలిండర్లకు మోదీ ఫొటో అంటించి పక్కన ధర రాశారు. టీవీలకు పండగే పండగ.

నాకు మాత్రం ఆ కలెక్టర్ మీద జాలేసింది. ఆ లెక్క నిలబడి చెప్పేది కాదు. ఆహార భద్రత చట్టం కిందికొచ్చే కార్డులు వేరు, రాష్ట్రం సొంతంగా ఇచ్చిన కార్డులు వేరు. షాపు ఒకటే, వేలిముద్ర మిషన్ ఒకటే, క్యూ కూడా ఒకటే. జిల్లా వైద్యాధికారి కార్యాలయంలో అకౌంట్స్ చూసి రిటైరైన మనిషిని కాబట్టి, ఇలాంటి కలగాపులగం లెక్కలు ఎలా ఉంటాయో నాకు తెలుసు. ఎవరి వాటా ఎంత అని పైవాళ్లు అడుగుతారు. కిందివాళ్లు అడిగేది వేరు.

మా ఆఫీసుకు ఓ ఆటో అతను వచ్చేవాడు. పల్స్ పోలియో ఆదివారం తెల్లారకముందే పీహెచ్‌సీకి వచ్చి, ఐస్ ప్యాకులు సర్దిన వ్యాక్సిన్ క్యారియర్లు ఎక్కించుకుని తండాలన్నీ తిరిగేవాడు. పొద్దుగూకాక క్యారియర్లన్నీ మళ్లీ తెచ్చి అప్పజెప్పేవాడు. ఒక ఏడాది అతని కిరాయి ఎండాకాలం పోయి వానలు పడినా రాలేదు. అడిగినప్పుడల్లా నేను చెప్పిందీ అబద్ధం కాదు: మొదట ఢిల్లీ నుంచి విడత రాలేదు. వచ్చాక అది రాష్ట్ర ఖజానాలో ఆగింది. అక్కడి నుంచి కదిలాక రాష్ట్రం వాటా కలవలేదు. కలిసేనాటికి పాత విడత ఖర్చు ధ్రువపత్రాలు (యూసీలు) పూర్తిగా అందలేదని పైనుంచి కొర్రీ పడింది. ఇదంతా ఓపిగ్గా విని అతనన్నాడు: “సార్, చుక్కలు మోదీవా, కేసీఆర్‌వా అని నేనడగలే. కిరాయి ఎప్పుడిస్తరో అదొక్కటి చెప్పుండ్రి.” నా దగ్గర తేదీ లేదు. “వస్తయి” అన్నాను.

రాజ్యాంగం ఏడో షెడ్యూలు తీసి చూస్తే ప్రజారోగ్యం, పారిశుద్ధ్యం, ఆసుపత్రులు రాష్ట్రాల జాబితాలో ఆరో పద్దు. కుటుంబ నియంత్రణ మాత్రం ఎమర్జెన్సీ కాలంలో 42వ సవరణతో ఉమ్మడి జాబితాకెక్కింది. కాగితం మీద ఇంతే. నడిచేది మాత్రం డబ్బును బట్టి. 2005లో గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలైనప్పుడు ఖర్చంతా కేంద్రానిదే. తర్వాత 85:15 అయింది, 75:25 అయింది, 2015-16 నుంచి మనలాంటి రాష్ట్రాలకు 60:40. కేంద్రం వాటా తగ్గుతూ వచ్చింది, షరతులు మాత్రం పెరుగుతూ వచ్చాయి. ఆరోగ్య కేంద్రం గోడకు ఏ రంగు వెయ్యాలో కూడా ఢిల్లీలోనే నిర్ణయం. పశ్చిమ బెంగాల్ పసుపు రంగు బదులు నీలం, తెలుపు వేసుకుందని, పంజాబ్ ‘ఆమ్ ఆద్మీ క్లినిక్’ అని పేరు పెట్టి ముఖ్యమంత్రి ఫొటో తగిలించిందని నిధులు ఆగాయి. రంగు కోసం మందుల డబ్బు ఆపడం నాకు ఏ కోణంలో చూసినా దారుణమే.

అలాగని మనవాళ్లు పత్తిత్తులేం కాదు. కేంద్రం 60 శాతం ఇచ్చే సబ్ సెంటర్లకు ‘పల్లె దవాఖానా’ బోర్డు పెట్టిందీ మనమే. బాలింత చేతికిచ్చే సంచి మీద ముఖ్యమంత్రి బొమ్మ వేసి, కిట్‌కు ఆయన పేరే పెట్టిందీ మనమే. 2023 డిసెంబరులో తెలంగాణ ఆరోగ్యశ్రీ పరిమితిని 10 లక్షలకు పెంచింది, అదే నెలలో ఆంధ్రప్రదేశ్ 25 లక్షలకు పెంచింది. ఆ తర్వాత రెండు రాష్ట్రాల్లోనూ బకాయిలు ఇవ్వడం లేదని నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేస్తామన్నాయి, కొన్నిసార్లు ఆపేశాయి కూడా. పరిమితి పెంచడానికి ప్రెస్ మీట్ చాలు. బకాయి తీర్చడానికి ఖజానాలో డబ్బుండాలి.

అయినా సరే, 15వ ఆర్థిక సంఘం అధ్యక్షుడు ఎన్.కె. సింగ్ సూచించినట్టు ఆరోగ్యాన్ని ఉమ్మడి జాబితాలోకి మార్చడానికి నేను ఒప్పుకోను. రెండు రూపాయల బియ్యం 1983లో హైదరాబాద్‌లో పుట్టింది. 108 కూత 2005లో మొదట ఇక్కడే వినిపించింది. 2007లో ఆరోగ్యశ్రీ మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. ఏ జిల్లాల్లో మొదలుపెట్టాలో ఇక్కడివాళ్లకు తెలుసు కాబట్టే, కరువుతోనూ వలసలతోనూ చితికిన ఆ మూడింటిని ఎంచుకున్నారు. ఢిల్లీ ఆయుష్మాన్ భారత్ తెచ్చేసరికి 2018. ముందు రాష్ట్రాలు చేసి చూపిస్తే, తర్వాత దేశం నేర్చుకుంది.

మరి కేంద్రం చెయ్యాల్సిందేమీ లేదా? ఉంది, అది చెయ్యకపోతే ఏమవుతుందో 2021లో చూశాం. ఆ ఏడాది మే 1 నుంచి, 18-44 ఏళ్ల వాళ్ల కోవిడ్ టీకాలు రాష్ట్రాలే కొనుక్కోవాలన్నారు. కేంద్రానికి డోసు 150 రూపాయలు. అదే కోవిషీల్డ్ రాష్ట్రానికి 300, కోవాగ్జిన్ 400. అదీ మొదట చెప్పిన ధర మీద గొడవయ్యాక తగ్గించిన ధర. కోవాగ్జిన్ తయారవుతున్నది శామీర్‌పేట పక్కన జీనోమ్ వ్యాలీలో. అక్కడికి గంట దూరంలో ఉన్న కుర్రాళ్లు కోవిన్‌లో స్లాటు కోసం అర్ధరాత్రి దాకా ఫోన్లు నొక్కుతూ కూర్చున్నారు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ గ్లోబల్ టెండర్లు పిలిచాయి. ఒక్క కంపెనీ రాలేదు. జూన్ 7న ప్రధాని టీవీలోకొచ్చి, 21 నుంచి మళ్లీ కేంద్రమే కొని ఇస్తుందని చెప్పాక గాని దారి పడలేదు. ఒకే సరుకు కోసం ఇరవై ఎనిమిది రాష్ట్రాలు పోటీ పడితే ధర పెరగడం తప్ప ఒరిగేదేమీ ఉండదు. టీకాలు కొనడం, సరిహద్దు దాటే జబ్బు మీద కన్నేయడం, ఒడిశా కూలీ మన ఇటుక బట్టీ దగ్గర జబ్బుపడితే అతని కార్డు ఇక్కడా చెల్లేలా చూడటం, ఇవి ఢిల్లీ పనులు. ఏ తండాలో ఏ రోజు క్యాంపు పెట్టాలో, గోడకు ఏ రంగో కాదు.

ఢిల్లీకీ రాష్ట్రానికీ మధ్య నలిగేది ఆశా. 2005లో కేంద్రం తెచ్చిన పథకంలోంచి వచ్చిన కార్యకర్త ఆమె. ఆమెకొచ్చేది తెలంగాణలో నెలకు 9,750, ఆంధ్రలో 10,000 రూపాయల దగ్గర ఆగింది. 18,000 ఫిక్సెడ్ వేతనం కావాలని ధర్నా చేస్తే రాష్ట్రం కేంద్ర పథకమంటుంది. పార్లమెంటులో అడిగితే ఆరోగ్యం రాష్ట్రాల విషయమని, ఆశాలు స్వచ్ఛంద కార్యకర్తలని జవాబొస్తుంది. అర్ధరాత్రి నొప్పులొచ్చిన ఇంటి నుంచి ఫోన్ వస్తే మాత్రం వెళ్లేది ఆమే. ఆమె సంతకం లేని రిజిస్టరు మా ఆఫీసులో ఒక్కటీ ఉండేది కాదు.

అకౌంట్స్ మనిషిగా నాకు బాగా గుచ్చుకున్న సంగతి ఒకటుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి ఒక నిబంధన అమల్లో ఉంది: కేంద్రం పంపిన వాటాను రాష్ట్రం 30 రోజులు దాటి తన దగ్గర పెట్టుకుంటే, ఏడాదికి 7 శాతం లెక్కన వడ్డీ కేంద్రానికి కట్టాలి. మంచి నిబంధనే. పథకం డబ్బుతో జీతాలు సర్దుకునే అలవాటు రాష్ట్రాలకు ఉందని నాకూ తెలుసు. కానీ కేంద్రమే విడత ఆలస్యం చేస్తే ఎవరికి వడ్డీ? ఎవరికీ లేదు. రాష్ట్రం కట్టిన వడ్డీలో ఆ ఆలస్యాన్ని నిజంగా మోసినవాళ్లకు చేరేదెంత? అదీ సున్నానే. ప్రభుత్వానికి ప్రభుత్వం వడ్డీ కడుతుంది, ఆశా మాత్రం చీటీ వ్యాపారి దగ్గర నూటికి మూడు రూపాయలకు అప్పు తెచ్చుకుంటుంది.

ప్రతి పీహెచ్‌సీలో మందుల కౌంటర్ పక్కన ఒక పలక పెట్టండి. కేంద్రం విడత ఏ రోజు వేసింది, రాష్ట్రం వాటా ఏ రోజు కలిసింది, జిల్లాకు ఏ రోజు చేరింది, చెల్లింపు ఏ రోజు జరిగింది: నాలుగు తేదీలు. పలక మీద ఎవరి ఫొటో పెట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు. ఆ 7 శాతం వడ్డీని ఆలస్యం చేసిన సర్కారు, అది ఢిల్లీదైనా హైదరాబాద్‌దైనా అమరావతిదైనా, ఆశా ఖాతాలో నేరుగా వెయ్యాలి. ఆ ఖర్చును 60:40గా పంచుకుంటారో, మరోలా పంచుకుంటారో వాళ్లిష్టం.