క్యాలెండర్‌లో వేలు పెడుతున్న ఏఐ.. వాడరేవు గదుల బుకింగ్ దాని చేతికి ఇవ్వొచ్చా?

వాడరేవు: ఇన్నాళ్లూ అడిగినదానికి సమాధానం చెప్పడమే ఏఐ పని. ఇప్పుడు అది పనులు కూడా చేసేస్తోంది. మెయిల్ రాసిపెట్టడం, రైలు వెతకడం పాత ముచ్చట. ఆన్‌లైన్ క్యాలెండర్‌లోకి నేరుగా వెళ్లి తేదీలు మార్చడం, కొత్తవి చేర్చడం, ఉన్నవి తీసేయడం దాకా వచ్చింది. ‘శనివారం బుకింగ్‌ను ఆదివారానికి జరుపు’ అని తెలుగులో చెబితే చాలు, జరిగిపోతుంది. వినడానికి చిన్న విషయమే. కానీ తేదీల మీదే బతికే ఊళ్లకు ఇది చిన్నది కాదు. బాపట్ల జిల్లా వాడరేవు అలాంటి ఊరే.

తేదీల చుట్టూ తిరిగే తీరం

చీరాల నుంచి ఆరేడు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ తీరానికి శని, ఆదివారాలొస్తే హైదరాబాద్, గుంటూరు, విజయవాడ నుంచి కార్లు బారులు తీరతాయి. కార్తీకంలో సముద్ర స్నానాల రద్దీ వేరే. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం, మరబోట్లు ఒడ్డునే ఉంటాయి. ఇక తుపాను వస్తే ఈ లెక్కలన్నీ తారుమారే. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది.

అలాంటి వారంలో నాలుగైదు గదులు అద్దెకిచ్చే ఓ చిన్న రిసార్టు యజమాని పరిస్థితి ఏంటి? బుకింగ్‌లన్నీ రద్దు చేయాలి, అందరికీ కబురు పెట్టాలి, మళ్లీ తేదీలు అడగాలి. పక్కన కరెంటు ఉందో లేదో తెలియదు. ఒక్క మాట చెబితే ఈ పనంతా చేసిపెట్టే సాధనం ఉంటే ఎవరైనా కాదంటారా? ఏజెంట్ల మీద ఆశ పుట్టేది ఇక్కడే. ఆ ఆశ తప్పు కాదు కూడా.

ఇంతకీ లోపల జరిగేది ఏంటి?

2024 నవంబర్‌లో ఆంత్రోపిక్ సంస్థ ‘మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్’ అనే ఉమ్మడి పద్ధతిని విడుదల చేసింది. బయటి సాఫ్ట్‌వేర్‌తో ఏ ఏఐ అయినా ఒకే తీరున మాట్లాడేందుకు చేసిన ఏర్పాటు అది. 2025 మార్చిలో పోటీ సంస్థ ఓపెన్‌ఏఐ కూడా దానికి సరే అంది. ఆ తర్వాత క్యాలెండర్ టూల్స్ పుట్టుకొచ్చాయి. వాటి పని సింపుల్. చూడు, చేర్చు, మార్చు, తీసెయ్.. ఈ నాలుగు ఆదేశాలే. మనం చెప్పిన మాటను ఏఐ ఆదేశంగా మారుస్తుంది, టూల్ దాన్ని అమలు చేస్తుంది. మాటకి, ఆదేశానికి మధ్య తేడా వచ్చిందా.. అంతే సంగతులు.

ఉదాహరణకు ‘ప్రతి శనివారం గదుల శుభ్రత’ అని క్యాలెండర్‌లో పెట్టారనుకుందాం. చూడటానికి 52 వారాలు 52 గీతలు కనిపిస్తాయి. లోపల ఉండేది ఒకే సూత్రం. ఈ శనివారం మాత్రమే వద్దంటే ఆ ఒక్క రోజు గుర్తింపును పట్టుకుని తీసేయాలి. ఏజెంట్ పొరపాటున మొత్తం సూత్రాన్ని పట్టుకుంటే ఏడాది పొడవునా శనివారాలు ఖాళీ. మనిషి చేస్తే ‘ఈ ఒక్కటా, ఇక ముందువన్నీనా, అన్నీనా’ అని గూగుల్ క్యాలెండర్ ఆపి అడుగుతుంది. టూల్ దారిలో వెళ్తే ఆ ప్రశ్న మనకు కనపడాలన్న గ్యారంటీ లేదు.

ఇంకోటి ఇంకా చిత్రం. గూగుల్ క్యాలెండర్‌లో మార్పు చేయడానికి రెండు దారులున్నాయి. ఒకటి చెప్పిన భాగాన్నే మారుస్తుంది. రెండోది పాతదాన్ని మొత్తం తీసి కొత్తది పెడుతుంది. రెండో దారిలో టైమ్ ఒక్కటే పంపితే, కింద రాసుకున్న ‘అడ్వాన్సు ముట్టింది, పిల్లలున్నారు, మంచం అదనం’ లాంటి నోటు మాయం. మొదటి దారిలోనూ మెలిక ఉంది. అతిథుల జాబితాలో ఒక పేరు చేర్చబోయి ఆ ఒక్క పేరే పంపితే, ముందున్న పేర్లన్నీ పోయి అదొక్కటే మిగులుతుంది. ఇవేవీ లోపాలు కావు, గూగుల్ డాక్యుమెంట్లలో రాసి ఉన్న పద్ధతులే. టూల్ తయారు చేసినవాళ్లు వాటిని చదివారా లేదా అన్నదే తేడా.

తిథుల సంగతి సరేసరి. 2025లో కార్తీక పౌర్ణమి నవంబర్ 5న వచ్చింది. ‘ఏటా ఇదే రోజు గదులు బ్లాక్ చెయ్’ అంటే ఏజెంట్ 2026లోనూ నవంబర్ 5నే పెడుతుంది. కానీ అధిక మాసం ఉన్న 2026లో పౌర్ణమి నవంబర్ 24. ఆ రోజు తీరం కిటకిటలాడుతుంటే క్యాలెండర్ మాత్రం మామూలు మంగళవారం అంటుంది. పంచాంగం చూసే అలవాటున్న ముసలాయన ఎవరైనా ఈ తప్పు చేస్తాడా!

పిలుపు పేరుతో దొంగ

పొరపాట్లు ఒక ఎత్తు, మోసం మరో ఎత్తు. 2025 ఆగస్టులో ఇజ్రాయెల్ పరిశోధకులు అమెరికాలోని బ్లాక్ హ్యాట్ సదస్సు సమయంలో ఒక ప్రయోగాన్ని బయటపెట్టారు. క్యాలెండర్ ఆహ్వానం పేరులో రహస్య ఆదేశాలు దాచి పంపారు. యజమాని ‘ఈ వారం ఏమేం ఉన్నాయ్’ అని గూగుల్ జెమినిని అడగగానే అది ఆ రాతనూ చదివి, యజమాని చెప్పినట్టే భావించింది. ఇంట్లో లైట్లు ఆరిపోయాయి, కిటికీ తలుపులు తెరుచుకున్నాయి. ముందే సమాచారం అందుకున్న గూగుల్ అదనపు రక్షణలు పెట్టింది. అయినా అసలు చిక్కు అలాగే ఉంది. ఏఐకి సమాచారం, ఆదేశం రెండూ అక్షరాలే. బుకింగ్ వ్యాపారంలో ముక్కూమొహం తెలియనివాళ్లు పంపేవాటినే కదా తెరిచి చదవాలి!

మన రాష్ట్రంలోనే ఉన్న మరో నమూనాతో పోల్చి చూస్తే విషయం తేటపడుతుంది. 2025 జనవరి 30న మంత్రి నారా లోకేశ్ ప్రారంభించిన ‘మన మిత్ర’ వాట్సాప్ సేవలు మొదట 161తో మొదలయ్యాయి. అక్కడ మెనూ ఉంటుంది, అందులోదే ఎంచుకోవాలి. దారి ముందే గీసి ఉంటుంది. ఏజెంట్‌కు అలాంటి గీత లేదు, దారి అదే ఎంచుకుంటుంది. సౌకర్యం అక్కడే, ప్రమాదమూ అక్కడే.

మరి చిన్న వ్యాపారులు ఏం చేయాలి? మొదట ‘చూడటానికి మాత్రమే’ అనుమతి ఇచ్చి కొన్నాళ్లు గమనించడం మేలు. ఆ వెసులుబాటు గూగుల్‌లో ఉంది. బుకింగ్‌లకు, ఇంటి పనులకు క్యాలెండర్లు వేరు చేసుకుంటే ఒకటి చెడినా రెండోది మిగులుతుంది. తీసేసినవి ట్రాష్‌లో సుమారు 30 రోజులు ఉంటాయి, తెచ్చుకోవచ్చు. అతిథులకు వెళ్లిపోయిన రద్దు మెయిల్ మాత్రం వెనక్కి రాదు. అందుకే పంపే ముందు ‘సరేనా’ అని అడిగే టూల్‌నే ఎంచుకోవాలి. అడగనిది ఉచితంగా వచ్చినా వద్దు.

అతిథుల పేర్లు, ఫోన్ నంబర్లు ఏఐ కంపెనీ దాకా వెళ్తాయన్నది చాలామందికి తట్టని కోణం. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి నిబంధనలు 2025 నవంబర్‌లో నోటిఫై అయ్యాయి, దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి. రేపు ఏజెంట్ చేసిన తప్పుకి ఓ కుటుంబం రాత్రి 10 గంటలకు సామాన్లతో వాడరేవులో గది లేక నిలబడితే, వాళ్లు నిలదీసేది ఎక్కడో ఉన్న టూల్ తయారీదారుని కాదు.. ఎదురుగా తాళాలు పట్టుకుని నిలబడ్డ యజమానినే.