పేషెంటు తాలూకు ఎవరమ్మా?

ఈ సంచిక సంపాదకీయం ఇంటిపని కార్మికుల వేతనాల మీద రాయాలని రెండు నెలల కిందటే అనుకున్నాం. వివరాలు సేకరించాం, కొంత రాసుకున్నాను కూడా. ఈలోగా నా ఎడమ రొమ్ములో ఉన్న గడ్డ క్యాన్సరని తేలింది, ఆపరేషన్ అయింది. గడ్డనూ, చంకలోని కొన్ని లింఫు గ్రంథులనూ తీశారు. వాటిని పరీక్షించి ఇచ్చే పెథాలజీ రిపోర్టు కోసం ఎదురుచూడటం మొదలై ఇవాళ్టికి పన్నెండు రోజులు. తీసిన ముక్క అంచుల్లో క్యాన్సర్ కణాలున్నాయా, చంకలోకి పాకిందా, మళ్లీ ఆపరేషన్ చెయ్యాలా, కీమోథెరపీ అవసరమా, అన్నీ ఆ కాగితం మీదే ఆధారపడి ఉన్నాయి. మనసు పెట్టి మరో విషయం రాయడం నాకు చేతకాలేదు. సొంత జబ్బు సంగతి సంపాదకీయంలో ఎందుకని మా బృందంలో ఒకరిద్దరు సందేహించారు. వ్యక్తిగతమైనదే రాజకీయమని ఇన్నేళ్లుగా అందరికీ చెబుతూ వచ్చిన మనకే ఆ సందేహం రావడం నాకు కొంచెం నవ్వు తెప్పించింది.

"పేషెంటు తాలూకు ఎవరమ్మా?" ఆస్పత్రిలో అడుగుపెట్టిన దగ్గర్నుంచి నేను ఎక్కువసార్లు విన్న ప్రశ్న ఇది. బిల్లు కట్టడానికి, మందులు తేవడానికి ఎవరో ఒకరు కావాలి, అందులో తప్పులేదు. కాని సంతకం పెట్టడానికీ, విషయం వినడానికీ కూడా ఆ "తాలూకు" మనిషే కావాలి. ఆపరేషన్ అయిన రోజు, నేనింకా మత్తులో ఉండగానే, సర్జన్ బయటికొచ్చి నా సహచరుడినీ, తమ్ముడినీ పక్కకు పిలిచి చంకలో రెండు గ్రంథులు అనుమానంగా కనిపించాయని చెప్పారు. నాకు ఆ సంగతి మూడో రోజున తెలిసింది. అప్పటికే మా అత్తగారికీ, ఊళ్లో ఉన్న అన్నయ్యకీ తెలుసు. నా శరీరం గురించి నాకంటే ముందు నలుగురు మాట్లాడుకున్నారు. ఎందుకు దాచావని నా సహచరుడిని అడిగాను. "నువ్వు తట్టుకోలేవని కాదు, నేను చెప్పలేకపోయాను" అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు. అతని మీద నాకు కోపం లేదు కూడా. పక్క గదిలో కోలుకుంటున్న పేషెంటు నలభైయేళ్లు దాటిన మనిషి, చదువుకుంది, తన విషయం తను వినగలదు అని డాక్టరుకి తోచకపోవడమే నన్ను ఇప్పటికీ బాధపెడుతోంది. నా స్థానంలో ఒక మగవాడుంటే డాక్టరు భార్యని పక్కకు పిలిచి చెప్పేవాడా, లేక ఆయన లేచేదాకా ఆగేవాడా?

నా పక్క మంచం మీద కామారెడ్డి వైపు నుంచి వచ్చిన ఒక బీడీ కార్మికురాలు ఉండేది. ఆమెకు రొమ్ము మొత్తం తీసేశారు. ఆమె కొడుకు నన్ను వరండాలోకి పిలిచి, "మా అమ్మకు ఉత్త గడ్డనే అని చెప్పినం, మీరు క్యాన్సర్ అనకుండ్రి మేడం" అని బతిమాలాడు. సరేనన్నాను. ఆ సాయంత్రం ఆమే మాట ఎత్తింది. "నాకు తెల్వదనుకుంటున్రు. క్యాన్సర్ దవాఖానకు తోల్కచ్చి ఉత్త గడ్డ అంటే నమ్ముతారవ్వా? నాకు తెల్సని తెలిస్తే వాడు ఏడుస్తడు. అందుకే తెల్వనట్టే ఉంటున్న" అంది. కొడుకు తల్లి కోసం దాస్తున్నాడు, తల్లి కొడుకు కోసం తెలియనట్టు ఉంటోంది. మధ్యలో ఆమె అడగవలసిన ప్రశ్నలు ఒక్కటీ డాక్టరు దాకా చేరలేదు. చెయ్యి ఎప్పటికి లేస్తుంది, మళ్లీ బీడీలు చుట్టగలనా, ఇంకా ఎన్నిసార్లు రావాలి అన్నవి ఆమె ప్రశ్నలు. క్యాన్సరని తెలియని మనిషి ఇవన్నీ ఎలా అడుగుతుంది?

పదిహేనేళ్ల కిందట నా పరిశోధన కోసం ఆస్పత్రుల్లో కూర్చుని ఇలాంటి స్త్రీలనే ఇంటర్వ్యూ చేశాను. నా ప్రశ్నావళిలో "రిపోర్టులో జాప్యం: రోజులలో" అని ఒక గడి ఉండేది. ఏడు, పదిహేను, ఇరవై అని అంకెలు నింపుకుంటూ పోయాను. ఆ గడిలో ఏమేమి పట్టవో ఇప్పుడు తెలుస్తోంది. రాత్రి రెండింటికి మెలకువ వచ్చి చంక తడుముకోవడం, ఫోను మోగితే గుండె జారడం, పిల్ల పరీక్ష ఫీజు కడుతూ వచ్చే ఏడాది లెక్క వెయ్యాలా వద్దా అని ఆగిపోవడం.

అయితే ఈ ఎదురుచూపునంతా ఆస్పత్రుల నిర్లక్ష్యం కింద జమకట్టడం అన్యాయం. నేను అడగ్గా అడగ్గా ల్యాబులో ఒక టెక్నీషియన్, ఆమె కూడా స్త్రీయే, ఓపికగా చెప్పింది. తీసిన ముక్కని ముందు ఫార్మలిన్‌లో నానబెట్టాలి. రొమ్ము క్యాన్సర్‌లో హార్మోన్ గ్రాహకాల పరీక్ష సరిగా రావాలంటే కనీసం 6 గంటలు, 72 గంటలకు మించకుండా అందులో ఉండాలి. తర్వాత దాన్ని కొలిచి, అంచులకు రంగు పూసి, కోసి, గ్రంథులు వెతికి తీస్తారు. నీరు తీసేసి మైనపు దిమ్మెలో బిగిస్తారు. మూడు నుంచి ఐదు మైక్రాన్ల మందంలో పొరలు కోసి, రంగు పట్టించి, అప్పుడు డాక్టరు సూక్ష్మదర్శినిలో చూస్తుంది. ఆపైన ఈఆర్, పీఆర్, హెర్-2 పరీక్షలు. హెర్-2 ఫలితం ఎటూ తేలకుండా మధ్యలో ఉంటే ఫిష్ అనే మరో పరీక్ష, దానికి మళ్లీ కొన్ని రోజులు. తొందరపెడితే తప్పు ఫలితం రావచ్చు, తప్పు ఫలితం వస్తే తప్పు వైద్యం జరుగుతుంది. ఇదంతా వినడానికి పది నిమిషాలు పట్టింది. ఆ రాత్రి కాస్త నిద్రపోయాను. ఈ పది నిమిషాలు మొదటిరోజే ఎవరైనా ఎందుకు ఇవ్వలేదు? కణజాలానికి కావలసిన సమయం వేరు, సంతకం కోసం బల్ల మీద కాగితం పడివుండే సమయం వేరు. రెంటినీ కలిపేసి "ఇంకా రాలేదు, సోమవారం రండి" అనడం దగ్గరే నా అభ్యంతరం.

అసలు ఆగి ఆలోచించుకునే వ్యవధి కూడా స్త్రీలు పోరాడి తెచ్చుకున్నదే. 1970లలో అమెరికాలో గడ్డ ఉన్న స్త్రీకి మత్తు ఇచ్చి, ముక్క తీసి, దాన్ని అక్కడికక్కడే గడ్డకట్టించి పరీక్షించి, క్యాన్సరైతే ఆ మత్తులోనే రొమ్ము తీసేసేవారు. లేచేసరికి రొమ్ము ఉంటుందో లేదో తెలియకుండానే ఆమె ముందుగా సంతకం పెట్టాలి. రోజ్ కుష్నర్ అనే పాత్రికేయురాలు 1974లో తనకు జబ్బు వచ్చినప్పుడు దీనికి ఒప్పుకోలేదు. ముందు పరీక్ష, ఆ తర్వాత నాతో మాట్లాడాకే ఆపరేషన్ అంది. 1975లో పుస్తకం రాసింది, సర్జన్ల సభల్లో వాదించింది. 1979లో అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థల సమావేశం పరీక్షనూ ఆపరేషన్‌నూ విడదీయాలని చెప్పింది. ఆ కమిటీలో ఆమె కూడా ఉంది. నాకు బయాప్సీ ఫలితానికీ ఆపరేషన్‌కీ మధ్య తొమ్మిది రోజులు దొరికాయి. రొమ్ము మొత్తం తీయించుకోవాలా, గడ్డ వరకేనా అని ఆలోచించుకుని నిర్ణయించుకున్నది ఆ తొమ్మిది రోజుల్లోనే.

మన దగ్గర నిబంధనలు ఏం చెబుతున్నాయో చూస్తే చిత్రంగా ఉంటుంది. భారత వైద్య మండలి 2002 నియమావళి ప్రకారం పేషెంటు అడిగిన 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలి. ఇది మంచి నియమం, చాలామందికి తెలియదు. అదే నియమావళి, జబ్బు సంగతి పేషెంటుకో, బంధువులకో, బాధ్యతగల స్నేహితులకో తెలిసేలా చూడమంటుంది. ఆ "కో" లోనే మనం జారిపోతున్నాం. ఆపరేషన్‌కి అంగీకారం ఎవరి దగ్గర తీసుకోవాలో చెప్పే చోట భర్త లేదా భార్య ముందు వస్తారు, పేషెంటు చివర వస్తుంది. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు దీన్ని తేల్చిచెప్పింది. 1995లో పరీక్ష కోసం మత్తులో ఉన్న 44 ఏళ్ల అవివాహిత గర్భాశయాన్నీ, అండాశయాలనూ బయట కూర్చున్న తల్లి అంగీకారంతో తీసేశారు. ఆమె మేజరు, తెలివిలోకి వచ్చాక ఆమెనే అడగవలసింది, తల్లి అంగీకారం చెల్లదు అంది కోర్టు. 2018లో జాతీయ మానవ హక్కుల కమిషన్ రోగుల హక్కుల పత్రంలోనూ సమాచారం, రికార్డులు, రెండో అభిప్రాయం హక్కులుగా చేరాయి. మైనపు దిమ్మెలూ స్లైడులూ అడిగి తీసుకుని మరో చోట చూపించుకోవచ్చు. ఈ సంగతి మాత్రం ప్రతి పాఠకురాలూ గుర్తుపెట్టుకోవాలని నా మనవి.

కాగితం మీద హక్కుకీ కౌంటరు దగ్గర హక్కుకీ దూరం ఎంతో ఆ బీడీ కార్మికురాలిని చూస్తే తెలుస్తుంది. ఆరోగ్యశ్రీ వల్ల ఆమెకు ఆపరేషన్ ఖర్చు తప్పింది. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ బస్సులో ఆడవాళ్లకు టికెట్టు లేదు. కాని "మగవాళ్లెవరైనా ఉంటే పంపించమ్మా" అనే కౌంటరు ముందు ఆమె ఒక్కతే వచ్చి చేసేదేముంది? కొడుకు రావాలి. అతని టికెట్టు, అతని కూలి పోతాయి. ఆమె కూలి ఎలాగూ పోయింది. వెయ్యి బీడీలకు ఇంత అని లెక్క, చుట్టకపోతే ఏమీ లేదు. సంఘం అప్పు వాయిదా మాత్రం ఆగదు. "ఇంకా రాలేదు" అనే ఒక్క మాట వినడానికి వాళ్లు రెండుసార్లు వచ్చి వెళ్లారు. నేను ఆటోలో వచ్చి అడిగి వెళ్లిపోతున్నాను, ఇంగ్లీషులో అడుగుతాను కాబట్టి కుర్చీ కూడా వేస్తున్నారు. ఒకే జబ్బు, ఒకే వార్డు అయినా మా ఇద్దరి ఎదురుచూపుల ఖరీదు ఒకటి కాదు.

మేం అడుగుతున్నవి పెద్దవేమీ కావు. రిపోర్టు ఎప్పుడొస్తుందో తేదీ రాసి ఇవ్వండి, ఆలస్యమైతే ఫోను చెయ్యండి. ఆపరేషన్‌కి ముందే, ఫలితం ఎవరికి చెప్పాలో పేషెంటుని అడిగి కేసు షీటులో రాసుకోండి. వద్దు, నా కొడుక్కే చెప్పండి అని ఆమె అంటే అదీ ఆమె ఇష్టమే. రిపోర్టు సారాంశం తెలుగులో నాలుగు వాక్యాలు రాయండి.

మొన్న రిపోర్టు తీసుకునే ఫారంలో "పేషెంటుతో సంబంధం" అన్న చోట "నేనే" అని రాశాను. గుమాస్తా దాన్ని చూసి, "భర్త పేరు రాయండి మేడం, కంప్యూటర్ తీసుకోదు" అన్నాడు. కాసేపు వాదించాను. చివరికి రాశాను. ఆ రోజు పోట్లాడే ఓపిక లేదు.

ఇంటిపని కార్మికుల వ్యాసం వచ్చే సంచికలో వేస్తాం. మీకు గానీ మీ ఇంట్లో స్త్రీలకు గానీ ఫలితం ఎవరు చెప్పారో, ఎన్ని రోజులకు చెప్పారో, ఏ మాటల్లో చెప్పారో రాసి పంపండి. పేరు వద్దంటే వెయ్యం. శుక్రవారం రమ్మన్నారు.