కర్మాగారముల విషవాయువులు

2020 సంవత్సరము మే 7వ తేదీ వేకువజామున, విశాఖపట్టణముచెంత వెంకటాపురమున, ఒక కర్మాగారమునుండి వెలువడిన స్టైరీను ఆవిరి నిదురించుచున్న జనులపై క్రమ్ముకొనెను. పండ్రెండుగురు మరణించిరి, వందలాదిమంది వైద్యశాలల పాలైరి. అట్టి ఘోరమును దేశమంతయు గుర్తించును. కాని పారిశ్రామికవాడల పొరుగున, రాత్రివేళ దుర్గంధము సోకి తలుపులు మూసికొను గ్రామస్థుల బాధ లెక్కకు రాకున్నది.

ఈ నిత్యవిషమునకు విరుగుడు లేకపోలేదు. కొబ్బరిచిప్పలను బొగ్గుచేసి, మిక్కుటమగు వేడిమియందు నీటియావిరి సోకించినచో, దానియందు కంటికి గానరాని రంధ్రము లసంఖ్యాకముగా నేర్పడును. అట్టి బొగ్గు ఒక్క గ్రాములోని యంతస్తలము సుమారు 1000 చదరపు మీటర్లుండును. ద్రావకముల యావిరులు ఆ తలమున నంటుకొని నిలుచును. ఇది అధిశోషణము. రెండవది జీవశోధనము. కంపోస్టు, కొయ్యపేళ్లు మున్నగువానిని తడిపి పరచి, చెడుగాలిని వానిగుండ మెల్లగా పంపినచో, అందలి సూక్ష్మజీవులు టొల్యూను, స్టైరీను వంటివానిని ఆహారముగా గైకొని, చాలవరకు బొగ్గుపులుసుగాలిగను నీరుగను మార్చును. కోనసీమ రైతునకు కొబ్బరిచిప్పయు, ప్రతి కాపునకు పెంటదిబ్బయు క్రొత్తవి కావు.

అయినను సాధనముండుట వేరు, అది పనిచేయుట వేరు. నిండిన బొగ్గు విషమును పట్టజాలదు. దానిని చెరువుగట్టున పారబోసినచో గాలిలోని విషము నేలపాలగును. తడియారిన పొరలో జీవులు నశించును. ఆకస్మికముగా వెల్లువయగు వాయువు నీ రెండును ఆపజాలవు. అందులకు తొట్లను చల్లగానుంచి అహోరాత్రములు కనిపెట్టుటయే శరణ్యము. భోపాలున 1984 డిసెంబరులో వాయువును కడుగు యంత్రమును, మండించు గోపురమును ఉండియు ప్రజలను కాపాడలేకపోయెను.

కావున మేము కోరునది క్రొత్త శాసనము కాదు. 1981 నాటి వాయుకాలుష్య నివారణ శాసనము కర్మాగారములలో ప్రవేశించి తనిఖీచేయు నధికారమును కాలుష్యనియంత్రణ మండలుల కొసగియే యున్నది. ఆ తనిఖీ దుర్గంధము హెచ్చు రాత్రివేళలందును జరుగవలెను. బొగ్గు మార్చిన తేదీయు, పాతబొగ్గు చేరిన చోటును కర్మాగారపు వాకిటనే తెలుగున ప్రకటింపవలెను. పంచాయతీ సభ్యులకు వానిని పరిశీలించు హక్కుండవలెను.

పరిశ్రమలు రావలసినవే, వానివలన బ్రతుకుచున్న కుటుంబములు వేలకొలది కలవు. కాని రైతు అమ్మినది భూమినే గాని ఊపిరిని గాదు. ఈ భేదమును యజమానులును ప్రభుత్వమును మరువకుందురుగాక!