మిండోరో కొండల్లో పొట్టి దున్న

తమరావ్ బొమ్మ ఒకప్పుడు ఫిలిప్పీన్స్ పెసో నాణెం మీద ఉండేది. టొయోటా ఒక బండికే దాని పేరు పెట్టింది. ఇంత పేరున్న జంతువు అడవుల్లో మిగిలింది మాత్రం కొన్ని వందలే!

మిండోరో దీవిలో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేని ఈ అడవి దున్న భుజం దగ్గర మీటరు ఎత్తు ఉంటుంది, అంతే. కొమ్ములు మన గేదెల కొమ్ముల్లా వెనక్కి వంపు తిరగవు. పొట్టిగా, లావుగా, ఆంగ్ల ‘వి’ అక్షరంలా పైకి లేస్తాయి. మందలు కట్టడం దానికి పెద్దగా నచ్చదు. మనిషి అలికిడైతే పొదల్లోకి జారుకుంటుంది, దారి మూసేస్తే మీదికొస్తుంది.

1900 ప్రాంతంలో పదివేల దాకా ఉండేవని అంచనా. 1930లలో పశువుల నుంచి ముసర వ్యాధి పాకింది. తర్వాత వేట, పచ్చిక బీళ్ల కోసం అడవుల నరికివేత. 1969 నాటికి వంద కూడా మిగల్లేదన్నారు.

ఇగ్లిట్-బాకో కొండల్లో ఏటా లెక్క తీసే పద్ధతి చూడండి: ఎండిన గడ్డి తగలబెట్టేవారు, లేత చిగుళ్లు మేయడానికి తమరావ్‌లు బయటికొచ్చాక గుట్టల మీంచి తెల్లవారుజామున, సాయంత్రం లెక్కపెట్టేవారు. లెక్క కోసం మేతకే నిప్పు పెట్టడం ఎంతవరకు సబబు? అక్కడి తౌబుయిద్ గిరిజనుల మాట ఎంతవరకు చెల్లింది? ఈ సంచిక ముఖచిత్ర కథనం ఈ ప్రశ్నలనే పట్టుకుంది.

బోనులో పెంచి సంతతి పెంచుదామన్న ప్రయత్నమూ జరిగింది. అక్కడ పుట్టి, బతికి బట్టకట్టినది కాలీ ఒక్కటే. 1999లో పుట్టిన ఆ దున్న 2020 అక్టోబరులో చనిపోయింది.