పరీక్ష తప్పించుకున్న వైద్యానికి పరదేశమే చిరునామా

రాజకీయ వ్యాఖ్యకు కేటాయించుకున్న ఈ చోట మూలకణ చికిత్స ప్రస్తావన ఎందుకని కొందరు పాఠకులు అడగవచ్చు. సూటిగానే సమాధానం చెబుతాను. సొంత దేశంలో అమ్మకూడని చికిత్సను రోగిని విమానం ఎక్కించి మరో దేశంలో అమ్ముకోగలుగుతున్నారంటే, ఆ అవకాశాన్ని వారికి ఇచ్చింది జీవశాస్త్రం కాదు, ప్రభుత్వాలు. చట్టంలో వదిలిన సందులు, వీసాల్లో చూపిన ఉదారత, ప్రకటనల పట్ల వహించిన ఉదాసీనత, ఇవన్నీ పాలకుల నిర్ణయాలే. ఆ నిర్ణయాల మూల్యాన్ని ఆటిజం ఉన్న బిడ్డ తల్లి, వెన్నుపాము దెబ్బతిని మంచాన పడిన యువకుడు, కంటిచూపు మసకబారుతున్న వృద్ధురాలు చెల్లిస్తున్నారు. కనుక ఇది రాజకీయ ప్రశ్నే.

ముందుగా ఒక అపోహను తొలగించాలి. మూలకణాలను శంకించడమంటే విజ్ఞానశాస్త్రాన్ని శంకించడం కాదు. ఎముక మజ్జ మార్పిడి మూలకణ చికిత్సే. రక్త క్యాన్సర్ల నుంచి, తలసేమియా నుంచి అది ఎందరినో బతికించింది. ఆ కృషికే ఇ. డొనాల్ థామస్‌కు 1990లో నోబెల్ బహుమతి దక్కింది. మన హైదరాబాదులోని ఎల్‌వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, సున్నమో ఆమ్లమో పడి పాడైన కంటికి, ఆరోగ్యంగా ఉన్న కంటి నల్లగుడ్డు అంచు నుంచి తీసిన మూలకణాలను అమర్చి చూపు తెప్పించే విధానంలో ప్రపంచానికి దారి చూపింది. అక్కడి వైద్యులు 2012లో ఒక సులువైన శస్త్రచికిత్సా పద్ధతిని వైద్య పత్రికలో ప్రచురించి, ఇతరులు పరీక్షించి చూసేందుకు ముందుంచారు. నిజమైన వైద్యం నడక ఇది. ఏ కణం ఏ కణజాలాన్ని తయారుచేస్తుందో తెలుసుకోవడం, దాన్ని ఆ చోటనే వాడడం, ఫలితాన్ని దాచకుండా లెక్క చెప్పడం.

విదేశీ రోగుల కోసం తలుపులు తెరిచి కూర్చున్న క్లినిక్‌ల పద్ధతి దీనికి పూర్తిగా విరుద్ధం. అక్కడ ఒకే కణాల ద్రావణం పక్షవాతానికీ పనిచేస్తుంది, మధుమేహానికీ పనిచేస్తుంది, ఆటిజానికీ, కీళ్ల నొప్పులకూ, ముసలితనానికీ పనిచేస్తుంది. ప్రకృతిలో రక్త మూలకణం రక్తాన్నే తయారుచేస్తుంది. కొవ్వు నుంచి తీసిన కణాలను నరంలోకి ఎక్కిస్తే వాటిలో అధిక భాగం ఊపిరితిత్తులలోనే చిక్కుకుపోతాయి. అవి దారి తెలిసిన బాటసారుల్లా మెదడుకో వెన్నుపాముకో చేరి అక్కడ కొత్త నాడీకణాలుగా మారతాయనడానికి సరైన రుజువు లేదు. సంతలో సర్వరోగ నివారిణి అమ్మేవాడిని చూసి నవ్వే చదువరులే, అదే మాట తెల్లకోటు తొడుక్కుని ఆంగ్లంలో పలికితే తల ఊపుతున్నారు.

పోతే డబ్బేగా పోయేది అనే వారికి వైద్య సాహిత్యమే సమాధానం చెబుతోంది. అరుదైన జన్యువ్యాధితో బాధపడుతున్న ఒక ఇజ్రాయెలీ బాలుడికి మాస్కోలో పిండ నాడీ మూలకణాలను పదే పదే ఎక్కించారు. కొన్నేళ్లకు అతని మెదడులో, వెన్నులో కణితులు పెరిగాయి. ఆ కణితి అతని సొంత శరీరం నుంచి పుట్టలేదనీ, ఎక్కించిన కణాల నుంచి వచ్చిందనీ 2009లో వెలువడిన పరిశోధన పత్రం తేల్చింది. పక్షవాతం తగ్గుతుందన్న ఆశతో చైనా, అర్జెంటీనా, మెక్సికోలు తిరిగిన ఒక అమెరికన్ వెన్నులో పరాయి కణాలు గడ్డగా పెరిగిన వైనం 2016లో ప్రచురితమైంది. థాయ్‌లాండ్‌లో మూత్రపిండాలలోకి మూలకణాలు ఎక్కించుకున్న రోగి మూత్రపిండంలో అసాధారణమైన గడ్డలు బయటపడ్డాయని 2010లో తెలిసింది. మెక్సికోలో ఇటువంటి ఇంజెక్షన్లు చేయించుకుని వచ్చిన వారికి మందులకు సులభంగా లొంగని సూక్ష్మజీవి సోకిందని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2024లో హెచ్చరించింది.

ఈ వరుసలో ఫ్లోరిడా ఉదంతాన్ని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. వయసు మీద పడి రెటీనా క్షీణిస్తున్న ముగ్గురు స్త్రీలకు, వారి పొట్ట నుంచి కొవ్వు తీసి, అందులోని కణాలను ఒకే రోజున రెండు కళ్లలోనూ గుచ్చారు. చూపు మెరుగుపడకపోగా ఘోరంగా దెబ్బతిన్నదని 2017లో వైద్యులు నివేదించారు. ఒక్కొక్కరి నుంచీ 5,000 డాలర్లు వసూలు చేశారు. ప్రభుత్వ ప్రయోగాల జాబితాలో ఆ చికిత్స పేరు చూసి, తాము పరిశోధనలో పాల్గొంటున్నామని వారిలో కొందరు నమ్మారు. నిజమైన పరిశోధకుడు ముందుగా ఒక కంటిని తాకడానికే భయపడతాడు. వ్యాపారి రెండింటినీ తాకుతాడు.

ఇక్కడే నా ప్రధాన వాదం ఉంది. ఈ క్లినిక్‌లు చేస్తున్నది చికిత్స కాదు, పరిశోధన అంతకంటే కాదు. ఫలితం తెలియని పనిని మనిషి శరీరం మీద చేయడం ప్రయోగమే అవుతుంది. అయితే సక్రమమైన ప్రయోగంలో నైతిక సంఘం అనుమతి ఉంటుంది, బహిరంగ నమోదు ఉంటుంది, ఫలితాల లెక్క ఉంటుంది. మన దేశపు 2019 నాటి కొత్త ఔషధాలు, క్లినికల్ ప్రయోగాల నిబంధనల ప్రకారం, ప్రయోగం వల్ల హాని జరిగితే ఉచిత వైద్యమూ, పరిహారమూ ఇవ్వాలి. క్లినిక్ వ్యాపారంలో ఈ రక్షణలన్నీ మాయమవుతాయి. ప్రయోగపు ప్రమాదం మాత్రం మిగులుతుంది. పైగా ఆ ప్రమాదానికి రోగే రుసుము కడతాడు. హాని జరిగేనాటికి అతడు స్వదేశానికి తిరిగి వచ్చి ఉంటాడు. ఏ కోర్టులో దావా వేయాలి? ఏ వైద్య మండలికి ఫిర్యాదు చేయాలి? సరిహద్దు ఈ వ్యాపారానికి అడ్డంకి కాదు, దాని మూలధనం.

చరిత్ర చూడండి. 2011లో నాటి టెక్సస్ గవర్నరు రిక్ పెర్రీ వెన్ను శస్త్రచికిత్స సమయంలో తన సొంత మూలకణాలను ఎక్కించుకుని ఈ పరిశ్రమకు రాజకీయ ఆశీర్వాదం అందించారు. ఆ కణాలను సిద్ధం చేసిన సెల్‌టెక్స్ సంస్థకు 2012లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరిక లేఖ పంపింది. అటుపైన ఆ సంస్థ రోగులను మెక్సికోకు పంపే మార్గం పట్టింది. జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్‌లో చట్టపు సందును ఆసరాగా చేసుకుని నడిచిన ఎక్స్‌సెల్ సెంటర్, 2010లో మెదడులోకి ఇంజెక్షన్ చేసిన తరువాత ఒక పసిబిడ్డ మరణించాక, 2011లో గానీ మూతపడలేదు. చైనా ఆరోగ్య మంత్రిత్వ శాఖ అనుమతి లేని మూలకణ చికిత్సలను ఆపాలని 2012 జనవరిలో ఆదేశించింది. ఒకచోట తలుపు మూసుకుంటే మరొకచోట తెరుచుకుంటుంది. ఏ దేశం నియంత్రణ బలహీనంగా ఉంటే ఆ దేశపు విమానాశ్రయానికి రోగులు చేరతారు.

ఇదంతా చదివి, పరదేశాల పాపం మనకెందుకు అనుకోకండి. ఢిల్లీ, ముంబయి నగరాలలోని క్లినిక్‌లకు ఇదే ఆశతో విదేశీయులు వచ్చారు. వారికి మనమే పరదేశం. భారత వైద్య పరిశోధన మండలి 2007లో వెలువరించిన మార్గదర్శకాల పేరులో పరిశోధనతోపాటు చికిత్స అన్న మాట కూడా ఉండేది. 2013 నాటి సవరణలో ఆ మాటను ఉద్దేశపూర్వకంగా తొలగించారు. రుజువు కాని దాన్ని చికిత్స అని పిలవరాదన్నదే అందులోని భావం. అనుమతి పొందిన ప్రయోగానికి వెలుపల రోగులకు మూలకణాలు వాడడం అనైతికమనీ, దాన్ని వైద్య దుర్వర్తనగానే పరిగణించాలనీ 2017 మార్గదర్శకాలు స్పష్టం చేశాయి. ఆటిజానికి మూలకణాలను వాడరాదని జాతీయ వైద్య కమిషన్ 2022లో చెప్పింది. కాగితం మీద ఇంతకన్నా ఏం కావాలి? కానీ మార్గదర్శకం చట్టం కాదు. కాగితం నడిచి వెళ్లి దుకాణం మూయించదు.

నిజానికి చట్టాలూ లేకపోలేదు. పక్షవాతం, అంధత్వం, మధుమేహం వంటి వ్యాధులను నయం చేస్తామని మందుల ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి మందులు, మాయా నివారణోపాయాల చట్టం నిషేధించింది. మూలకణాల నుంచి తయారైన ఉత్పత్తులను 2019 నిబంధనలు కొత్త ఔషధాల నిర్వచనంలోకి తెచ్చాయి. అయినా క్లినిక్‌ల వాదన ఒక్కటే: రోగి కణాలను తీసి రోగికే ఎక్కిస్తున్నాం, ఇది ఔషధం కాదు, శస్త్రప్రక్రియ మాత్రమే. ఇదే వాదనను ఫ్లోరిడా సంస్థ చేసినప్పుడు అక్కడి ఫెడరల్ అప్పీలు న్యాయస్థానం 2021లో తోసిపుచ్చింది. ఒకవైపు ‘హీల్ ఇన్ ఇండియా’ అంటూ వైద్య పర్యాటకానికి ఆహ్వానం పలుకుతూ, మెడికల్ వీసాలను సరళం చేస్తున్న ప్రభుత్వం, అలా వచ్చిన రోగికి ఇక్కడ ఏం అమ్ముతున్నారో చూసే బాధ్యతను మాత్రం ఎవరికీ సూటిగా అప్పగించలేదు. ఏళ్ల తరబడి మన ఆసుపత్రులకు అత్యధికంగా వస్తున్నది బంగ్లాదేశ్ రోగులు. ఇరుగుపొరుగు పేదల, మధ్యతరగతి జనుల నమ్మకంతో సంపాదించిన పేరును కొన్ని దుకాణాల లాభం కోసం పణంగా పెడుతున్నాం.

మన ప్రజా జీవితంలో ఒక ఘట్టాన్ని ఇక్కడ గుర్తుచేయాలి. 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసిన ప్రాజెక్టు దేశాన్ని కుదిపేసింది. టీకా మంచిదే. దాని విలువ ప్రపంచమంతటా రుజువైంది. ఆగ్రహం పుట్టింది సమ్మతి విషయంలో. తల్లిదండ్రులకు బదులు హాస్టలు వార్డెన్లు సంతకాలు చేశారు. 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టును ఆపేశారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దాన్ని తీవ్రంగా తప్పుబట్టింది. సరిగ్గానే చేసింది. అయితే ఆ రోజు ధర్మాగ్రహం ప్రకటించిన పార్టీలు, సంఘాలు, పత్రికలు ఈ రోజు ఎక్కడున్నాయి? పేద బాలిక మీద ఉచితంగా చేసిన ప్రయోగం అన్యాయమైతే, తల్లిదండ్రుల చేత పొలం అమ్మించి వారి బిడ్డ మీద చేసే ప్రయోగం న్యాయమెలా అవుతుంది? డబ్బు చేతులు మారినంత మాత్రాన సమ్మతి పవిత్రమైపోదు. అబద్ధం విని ఇచ్చిన సమ్మతి సమ్మతే కాదు.

ఎదుటి పక్షపు వాదనలను దాటవేయను. చావు అంచున ఉన్నవాడికి ప్రయత్నించే హక్కు లేదా అంటారు. ఉంది. కానీ ప్రయత్నించే హక్కు వేరు, అమ్ముకునే హక్కు వేరు. ఆ పేరుతోనే 2018లో అమెరికా చేసిన చట్టం కూడా, కనీసం తొలి దశ ప్రయోగం పూర్తయిన మందులకే వర్తిస్తుంది. ఇక్కడ ఆ తొలి మెట్టయినా ఎక్కని సరుకును అమ్ముతున్నారు. పైగా ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలు చావు అంచున లేరు. వారి ముందు జీవితమంతా ఉంది. చెడగొట్టడానికి కూడా అంతే ఉంది.

మా బిడ్డకు మెరుగైంది, కళ్లారా చూశాం అంటారు. ఆ తల్లిదండ్రులను అవమానించే మాట నేను అనను. కానీ పిల్లలు ఎదుగుతారు. చికిత్స జరిగినా జరగకపోయినా ఎదుగుతారు. క్లినిక్‌లో మూలకణాలతోపాటు ఫిజియోథెరపీ, మాట నేర్పే శిక్షణ కూడా ఇస్తే, మెరుగుదల దేనివల్ల వచ్చిందో చెప్పగలవారెవరు? అందుకే పోల్చి చూసే ప్రయోగం కావాలి. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం 180 మంది ఆటిజం పిల్లలతో అటువంటి ప్రయోగం చేసింది. బొడ్డుతాడు రక్తం పొందిన పిల్లలలో, ఉత్తుత్తి ద్రావణం పొందిన పిల్లలకన్నా ప్రధాన కొలమానంలో చెప్పుకోదగిన మెరుగు కనిపించలేదని 2020లో ప్రకటించింది. నిజాయితీ గల శాస్త్రం తన ఆశ ఫలించనప్పుడు ఆ సంగతి చెప్పుకుంటుంది. అటువంటి ప్రకటన చేసిన ఒక్క క్లినిక్‌ను చూపించండి.

చేయవలసింది అసాధ్యమేమీ కాదు. మూలకణాలను వాడే ప్రతి క్లినిక్, ఎందరికి ఎక్కించింది, ఎందరికి హాని జరిగింది, ఎంత వసూలు చేసింది అన్న లెక్కను బహిరంగపరచాలని పార్లమెంటు చట్టం చేయాలి. అనుమతి లేని వినియోగానికి క్రిమినల్ బాధ్యత ఉండాలి. 1954 చట్టాన్ని క్లినిక్‌ల డిజిటల్ ప్రకటనలకు కూడా స్పష్టంగా వర్తింపజేయాలి. విదేశాలకు రోగులను తరలించే దళారులను ఇక్కడే జవాబుదారులను చేయాలి, ఎందుకంటే డబ్బు చేతులు మారేది ఇక్కడే. దక్షిణాసియా దేశాలు ఉగ్రవాదం మీద, వాణిజ్యం మీద సమాచారం పంచుకోవాలని మాట్లాడుకుంటాయి. చికిత్సల వల్ల హాని పొందిన రోగుల సమాచారం కూడా పంచుకోవచ్చు.

అన్నింటికన్నా ముఖ్యమైనది, ఈ క్లినిక్‌ల గిరాకీని పుట్టిస్తున్న శూన్యాన్ని పూడ్చాలి. జిల్లా కేంద్రంలో మాట నేర్పే శిక్షకులు లేనప్పుడు, వెన్ను దెబ్బతిన్నవారికి పునరావాస కేంద్రం లేనప్పుడు, వైకల్యంతో బతికే మనిషికి బస్సెక్కే మెట్టు కూడా అందనప్పుడు, పరదేశపు సూది ఒక్కటే దారిలా కనిపిస్తుంది. ప్రభుత్వం వదిలేసిన చోటనే వ్యాపారి దుకాణం పెట్టాడు.

ఈలోగా ప్రయాణానికి సిద్ధమవుతున్న కుటుంబాలకు ఒక్క ప్రశ్న చాలు. ఇది రుజువైన వైద్యమైతే దాని ఫలితాలు ఎక్కడ ప్రచురించారు? ప్రయోగమైతే మా దగ్గర డబ్బు ఎందుకు తీసుకుంటున్నారు? ఈ రెండింటిలో ఏ ఒక్కదానికీ సూటిగా జవాబు చెప్పలేని చోట, బిడ్డను బల్ల మీద పడుకోబెట్టకండి.